ఆ పువ్వు పేరు బ్రహ్మకమలం కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన మంగళవారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. డాబా మీద సిమెంటు కుండీ, అందులో ఏడు తెల్లటి పువ్వులు, ముందు పళ్లెంలో పసుపు కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ, చుట్టూ ఇంటిల్లిపాదీ. కింద 'హిమాలయాల్లో మాత్రమే పూసే అరుదైన బ్రహ్మకమలాలు' అని రాశారు. తొలకరి పడింది మొదలు దసరాలు వెళ్లేదాకా ఇలాంటి ఫొటో ఏదో ఒక పత్రికలో వస్తూనే ఉంటుంది. పన్నెండేళ్లకోసారి పూస్తుందని ఒకరు రాస్తారు, పూసిన ఇంట సిరి నిలుస్తుందని ఇంకొకరు రాస్తారు. ఆ ఇంటివాళ్ల సంతోషాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మొక్క మా ఇంట్లోనూ ఉంది, నలభై ఏళ్లకు పైగా ఉంది. కానీ దాని పేరు బ్రహ్మకమలం కాదు. ఆ పేరు గల పువ్వు వేరే ఉంది. దాన్ని కళ్లారా చూశాను, దాని విషయంలో ఒక తప్పు కూడా చేశాను. అందుకే వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మిగతాది కత్తిరించుకోండి, పువ్వు పేరు మాత్రం ఉంచండి.

నేను 1980లో తపాలా శాఖలో చేరి 2018లో రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లు కౌంటర్ వెనకా, సార్టింగ్ బల్ల దగ్గరా గడిచిపోయాయి. కవరు మీద పేరు ఒకరిది, వీధి ఒకరిది అయితే ఆ ఉత్తరం ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఎవరికి రాశారో వాళ్లకు చేరదు. చేరినవాళ్లకు అది తమది కాదని తెలియదు. బ్రహ్మకమలం విషయంలో జరుగుతున్నది సరిగ్గా అదే.

1982లో తపాలా శాఖ హిమాలయ పుష్పాల మీద నాలుగు బిళ్లలు విడుదల చేసింది. మా ఊళ్లో స్టాంపులు కూడబెట్టే డ్రాయింగు మాస్టారు ఒకరుండేవారు. కొత్త బిళ్ల ఏదొచ్చినా తెప్పించుకుని, అట్టల పుస్తకంలో పెట్టుకుని, మా కౌంటర్ దగ్గరకొచ్చి మరీ చూపించేవారు. అలా ఆ నాలుగూ చూశాను. అందులో ఒకటి బ్రహ్మకమలం. అప్పటికి నాకు పెళ్లై ఏడాది. అత్తవారింటి పెరట్లో నూతి పక్కన కుండీలో ఓ మొక్క ఉంటే అత్తయ్యగారు 'ఇది బ్రహ్మకమలమమ్మా, ముట్టు రోజుల్లో దీని దగ్గరకు రాకు' అని చెప్పి ఉన్నారు. బిళ్ల మీద బొమ్మకూ మా కుండీలో మొక్కకూ ఎక్కడా పొంతన లేదు. బొమ్మలోది నేల మీద నిటారుగా నిలబడి, చుట్టూ పొరలు కప్పుకుని ఉంది. మాస్టారిని అడిగితే 'బొమ్మ గీసినవాడు తప్పు గీయడు తల్లీ, మీ ఇంట్లోదే ఇంకేదో అయ్యుంటుంది' అన్నారు. కొత్త కోడలిని. ఆ మాట ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేకపోయింది.

మా ఇంటి మొక్క గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దానిమీద నాకు ప్రేమ ఉంది. అత్తయ్యగారు దాన్ని కాకినాడలో పెద్దమ్మగారింటి నుంచి ఒక్క ఆకుగా తెచ్చి గుచ్చారట. ఆకు అంటున్నాం గానీ అది ఆకు కాదు, పలకలా చదునుగా సాగిన కాండం. అంచున నొక్కులుంటాయి, ఆ నొక్కులోంచే మొగ్గ పుడుతుంది. తామరాకుకు అలా పువ్వు పుట్టడం ఎవరూ చూడలేదు. మొగ్గ మొదట తల వాల్చుకుని వేలాడుతుంది. విచ్చుకునే రోజు దగ్గరపడితే కొంకిలా వంగి తల పైకెత్తుతుంది, అదే గుర్తు. ఆ సాయంత్రం అత్తయ్యగారు పక్కిళ్లకు కబురు పెట్టేవారు. రాత్రి తొమ్మిది దాటాక కదలిక మొదలవుతుంది. కళ్లార్పకుండా చూస్తే రేకు రేకు విడిపోవడం తెలుస్తుంది. పదకొండయ్యేసరికి వాసన వీధి అరుగు దాకా వచ్చేది. హారతి ఇచ్చి, పానకం పంచి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లేసరికి అర్ధరాత్రి దాటేది. తెల్లారి చూస్తే తడిగుడ్డ పిండి ఆరేసినట్టు వేలాడుతూ ఉండేది. పన్నెండేళ్లకోసారి అన్నది కూడా నిజం కాదు. కిందటేడు మా కుండీలో ఆషాఢం నుంచి ఆశ్వయుజం లోపల మూడు విడతలుగా పద్నాలుగు పూశాయి.

ఈ మొక్కది జెముడు కుటుంబం. పుట్టిల్లు మెక్సికో, దాని దిగువ దేశాలు. హిమాలయాలతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, మంచు తగిలితే బతకదు. దీని దగ్గరి బంధువు ఇప్పుడు మన రైతులు రాతి స్తంభాల మీదికి పాకిస్తున్న డ్రాగన్ పండు తీగ. నమ్మకం కుదరకపోతే పూతకాలంలో ఓ రాత్రి డ్రాగన్ తోటలోకి వెళ్లి చూడండి. తోట తోటంతా మీరు ఫొటోల్లో వేసే పువ్వులాంటివే కనిపిస్తాయి, వాటికెవరూ కొబ్బరికాయ కొట్టరు.

2019 ఆగస్టులో, రిటైరైన మరుసటేడు, మావారూ నేనూ రాజమండ్రి నుంచి పద్నాలుగు మంది బృందంతో బదరీ యాత్రకు వెళ్లాం. దారిలో పూలలోయ, హేమకుండ్ సరస్సు కూడా చూపిస్తామన్నారని ఆ బృందాన్నే ఎంచుకున్నాను. మనసులో ఆ తపాలా బిళ్ల ఉంది. హరిద్వారం నుంచి ప్రయాగలన్నీ దాటుకుంటూ జోషీమఠ్ చేరాం. అక్కడి నుంచి గోవింద్‌ఘాట్. జీపు పుల్నా ఊరి దాకానే పోతుంది. ఆ పైన ఘంగారియా దాకా నడకో, కంచరగాడిదో, లేదంటే వీపున కట్టుకున్న బుట్టలో మనిషిని మోసే నేపాలీ కుర్రాళ్లో. ఒక పక్క ఏరు హోరు, ఇంకో పక్క దేవదారు చెట్లు. ఘంగారియాయే మూడు వేల మీటర్ల ఎత్తు. మన రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన జింధగడ కొండ పదిహేడు వందల మీటర్లు కూడా ఉండదంటే అక్కడి ఎత్తు అర్థమవుతుంది.

పూలలోయలో మొదటి రోజు గడిపాం. ఆ లోయను 1982లోనే జాతీయ వనం చేశారు, ఆ బిళ్ల వచ్చిన ఏడాదే. 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లోపల పువ్వు కోయడం నిషేధం, పొద్దు వాలేలోపు అందరూ బయటికి వచ్చేయాలి. అక్కడ ఎన్ని రంగుల పూలు చూశానో చెప్పడం మొదలుపెడితే ఈ ఉత్తరం ఆగదు. మేము నడిచిన మేర బ్రహ్మకమలం మాత్రం కనిపించలేదు. 'అది ఇంకా పైన అమ్మా, రేపు హేమకుండ్ దారిలో' అన్నాడు దారి చూపిన మనిషి. భ్యూండార్ ఊరివాడు, యాభై ఏళ్లుంటాయి.

మర్నాడు హేమకుండ్‌కు. ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. నాలుగు కిలోమీటర్లు కంచరగాడిద మీద వెళ్లి, అక్కడ దిగిపోయాను. జంతువు మీద కూర్చుంటే కళ్లు దాని కాళ్ల మీదే ఉంటాయి, పూల మీదికి పోవు. పది అడుగులకోసారి ఆగుతూ, ఊపిరి కూడదీసుకుంటూ నడిచాను. చెట్లు ఎప్పుడో వెనకబడిపోయాయి. పొదలు కూడా పోయాయి. గడ్డి, బండరాళ్లు, మధ్య మధ్య మురికి పట్టిన మంచు. సన్నటి తుంపర. మబ్బు మా మీదినుంచి కాదు, మా మధ్యలోంచి వెళ్తోంది. ఒక మలుపులో మబ్బు కాస్త విడింది. రాళ్ల సందున లేత పసుపుపచ్చగా, దీపానికి కాగితం చుట్టినట్టు ఏదో వెలుగుతోంది. ఒకటి కాదు, వాలంతా ఉన్నాయి. చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. ముప్పై ఏడేళ్ల కింద చూసిన బిళ్ల బొమ్మ. మాస్టారు ఎప్పుడో పోయారు. ఆ గట్టు మీద కూర్చుని ఆయన్నే తలుచుకున్నాను.

దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మొక్క మూరెడు ఎత్తు కూడా లేదు. కింద పొడుగాటి ఆకులు, అంచులకు చిన్న పళ్లు. కాండం బొటనవేలంత. పైన పెద్ద తామర మొగ్గలా కనిపించేది నిజానికి పువ్వు కాదు. అవి పడవ ఆకారంలో ఒకదాన్నొకటి కప్పుకున్న పల్చటి ఆకు పొరలు, ఉల్లిపొరలా అవతలి వెలుతురు కనిపిస్తుంది. వాటి మీద తుంపర బొట్లు బొట్లుగా నిలిచి ఉంది. ఒక పొరను చూపుడువేలితో నెమ్మదిగా పక్కకు జరిపాను. లోపల పొడిగా ఉంది. బయట నా చీర కుచ్చెళ్లు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి, ఆ గూటిలో మాత్రం ఒక్క చుక్క లేదు. అడుగున పది దాకా ఊదారంగు గుండీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒక తుమ్మెద, రెక్కలు ముడుచుకుని, కదలకుండా కూర్చుంది. వాన తగ్గేదాకా తలదాచుకున్నట్టుంది. పొరను మళ్లీ యథాస్థానానికి వదిలేశాను. వాసన పరిమళం కాదు. మందులకొట్టు తలుపు తీసినప్పుడు వచ్చే ఘాటు.

మా బృందంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ గారొకరు ఉన్నారు. ఆ మలుపులోనే రాతి మీద కూర్చుని ఆయన చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. ఇది తామర జాతి కాదు, చామంతి కుటుంబం. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర, చివరికి మన రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ కూడా ఈ ఇంటివే. ఈ కుటుంబంలో మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, వందల చిన్న పూల గుంపు. ఊదారంగు గుండీ ఒక్కొక్కటీ అలాంటి గుంపే. బంతికీ చామంతికీ ఉన్నట్టు చుట్టూ రేకులుండవు. 'మన పొలాల్లో దీనికి అందరికంటే దగ్గరి చుట్టం ఎవరనుకుంటున్నారు?' అని అడిగి ఆయనే చెప్పారు, కుసుమ. తెలంగాణ మెట్టపొలాల్లో నూనెగింజలకు వేసే ముళ్ల కుసుమ. మా నాన్నగారు తాండూరు వైపు ఉద్యోగం చేసినప్పుడు చిన్నతనంలో ఆ చేలగట్ల మీద కాళ్లు గీరుకుపోయేలా పరిగెత్తాను. ఆ కుసుమకు ఈ మంచుకొండ మీద చుట్టం ఉందని అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

పొరల పని ఏమిటో కూడా ఆయనే చెప్పారు. అంత ఎత్తున ఎండ వచ్చినా గాలి చల్లగానే ఉంటుంది, పగలే వడగళ్లు పడతాయి. ఆ పొరలు ఎండను లోపలికి రానిచ్చి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి, వానను ఆపుతాయి, పుప్పొడి తడవకుండా కాస్తాయి. శాస్త్రీయ నామం సాసూరియా ఆబ్వల్లాటా. మొదటి మాట స్విట్జర్లాండ్‌కు చెందిన సోస్యూర్ అనే తండ్రీకొడుకుల పేరు మీద పెట్టింది. ఆ తండ్రి 1787లో ఆల్ప్స్ పర్వతాల్లోని మోంట్ బ్లాంక్ శిఖరం ఎక్కి కొలతలు తీసిన శాస్త్రవేత్త. రెండో మాటకు లాటిన్‌లో చుట్టూ గోడ కట్టుకున్నది అని అర్థమట. ప్రాకారం ఉన్న పువ్వు. గుళ్లో పెట్టే పువ్వుకు ఇంతకంటే మంచి పేరు నాకైతే తోచదు. ఇంకా పైన దీని తోబుట్టువు ఒకటి ఉంటుందట, ఫేన్ కమల్ అంటారు. అది గోడ కట్టుకోదు, ఒళ్లంతా దూది కప్పుకుంటుంది.

ఇంకో తోబుట్టువు మన ఇళ్లలోనే ఉంది. చెంగల్వకోష్టు. అత్తయ్యగారు తలనూనె కాచేటప్పుడు పచారీ కొట్టు నుంచి తెప్పించే ఎండు వేరుముక్క. పొట్లం విప్పగానే వచ్చే ఆ ఘాటు, బ్రహ్మకమలం దగ్గర నాకు తగిలిన ఘాటు ఒక్క గోత్రానివే అనిపించింది, ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ వేరు కోసం కొండల్లో తవ్వి తవ్వి, ఇప్పుడు అడవిలో దొరకడమే కష్టమైపోయింది. 1985 నుంచి అడవిలో తవ్వినదాన్ని దేశాల మధ్య అమ్ముకోవడానికి వీల్లేకుండా అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో పెట్టారు. తోబుట్టువుకు అలా జరిగింది కాబట్టే బ్రహ్మకమలం గురించి నాకు భయం.

దారి చూపిన మనిషి మాతోపాటు కూర్చుని టీ తాగుతూ వాళ్ల ఆచారం చెప్పాడు. నందాష్టమి రాకముందు ఈ పువ్వును ముట్టకూడదని వాళ్ల పెద్దల కట్టడి. నందాష్టమి అంటే భాద్రపద శుద్ధ అష్టమి, మన వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు. అప్పుడు ఊరి తరఫున కొందరు నియమంగా ఉండి, చెప్పుల్లేకుండా పైకి వెళ్లి, వెదురు బుట్టల్లో కొన్ని తెచ్చి నందాదేవికి సమర్పిస్తారట. భీముడు ద్రౌపది కోసం తెచ్చిన సౌగంధికం ఇదేనని కూడా అన్నాడు. మన భారతంలో సౌగంధికం కుబేరుడి కొలనులోది, నీటి పువ్వు. నేను వాదించలేదు. ఆ కథలోనూ ఆ పూలకు కాపలా ఉంది, భీముడంతటివాడు కూడా కొట్లాడితే గానీ దక్కలేదు. అది తలుచుకుంటే ఇద్దరం చెప్పేదీ ఒకటేలా అనిపించింది.

ఇంత విన్నాక, ఇంత చూశాక, కిందికి దిగేటప్పుడు నేను చేసిన పని ఇది. బయల్దేరేటప్పుడు మా ఆడపడుచు 'వదినా, అంతదూరం వెళ్తున్నావు, నాకో బ్రహ్మకమలం తెచ్చిపెట్టు. మా కుండీలోదాని పక్కన అసలుది పెట్టి పూజ చేసుకుంటాను' అంది. దిగువ మలుపులో కంచరగాడిదలు తోలే కుర్రాడొకడు రెండు పువ్వులు కాండంతో సహా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వంద రూపాయలన్నాడు. నందాష్టమి ఇంకా రాలేదు. పది నిమిషాల కింద విన్న మాట చెవిలోనే ఉంది. ఎలాగూ కోసేశాడు కదా అని నాకు నేనే చెప్పుకుని ఒకటి కొన్నాను. భ్యూండార్ మనిషి చూశాడు, ఏమీ అనలేదు. ఘంగారియా దాకా నాతో మాట్లాడలేదు.

తడి తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. జోషీమఠ్‌లో విప్పి చూస్తే పొరలు మెత్తబడ్డాయి. రుషీకేశ్ చేరేసరికి టీ రంగుకు తిరిగాయి. రైల్లో మూడు రోజులు. తణుకులో దిగేసరికి ఎండు అరటి దొప్పలా ఉంది. అయినా అపురూపంగా ఆడపడుచు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి ఆవిడ అన్న మాట ఇది. 'ఇది బ్రహ్మకమలం కాదొదినా, నిన్నెవరో మోసం చేశారు. బ్రహ్మకమలం మన కుండీలో ఉందిగా, తెల్లగా ఉంటుంది. పేపర్లో కూడా వేశారు చూడు' అని ఫ్రిజ్ మీద మడిచిపెట్టిన మీ పత్రిక తీసి చూపించింది.

ఆవిడ తప్పేం లేదు. నలభై ఏళ్లుగా ఆవిడ చూసిందీ, చదివిందీ అదే.

ఆ ఎండు పువ్వు చెత్తబుట్టలో పడకుండా తెచ్చుకుని, ఒక పాత రిజిస్టర్ కవర్లో పెట్టుకున్నాను. తర్వాత ఓ మధ్యాహ్నం కళ్లద్దాలు పెట్టుకుని గుండీలు ఒక్కొక్కటీ విప్పి చూశాను. గింజ కోసం. గడ్డిచామంతి ఎండితే గింజకు ఈకలు మొలిచి గాల్లో తేలిపోవడం అందరికీ తెలుసు. దీని గింజకూ అలాంటి ఈకలే ఉంటాయని లెక్చరర్ గారు చెప్పారు. కొండగాలి మోసుకెళ్లి ఇంకో రాతి సందున పడేస్తే అక్కడ మొలుస్తుంది. నేను విప్పినవాటిలో ఈకలు లేతగా, తడి దూదిలా ముద్దగా ఉన్నాయి. గింజ పొట్టు తప్ప లోపల ఏమీ లేదు. పాలుపోసుకోకముందే కోసిన వరికంకి ఎలా ఉంటుందో అలా. నందాష్టమి దాకా ఆగమన్న పెద్దల మాటలో ఉన్నది ఇదే. అప్పటికి చాలా పూలు గింజ పట్టి ఉంటాయి. కోసినా కొండకు మిగిలేది మిగులుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకే ఈ పువ్వు పూస్తుంది. కేదారం, బదరి, హేమకుండ్ యాత్రలు నడిచే నెలల్లో అవీ ఉన్నాయి. వెళ్లేవాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు, ప్రతి సత్రంలో, ప్రతి టీ కొట్టు దగ్గరా మన మాట వినిపించింది. గుడిలో పెట్టడానికి కొందరు, ఇంటికి తేవడానికి ఇంకొందరు, చేతిలో పట్టుకుని ఫొటో దిగి పారేసేవాళ్లు మరికొందరు. మనిషికొకటి అనుకున్నా ఆ రాళ్ల మధ్య ఎన్ని ఉంటాయి? పైగా కింద వెచ్చబడేకొద్దీ చల్లదనం వెతుక్కుంటూ పైకి జరగాల్సిన మొక్క ఇది. పైన ఇక రాయీ మంచూ తప్ప మట్టి ఎక్కడుంది?

'పేరుదేముందండీ, భక్తి ముఖ్యం' అని మీ విలేకరి ఒకరు నాతో ఫోన్‌లో అన్నారు. మర్యాదగానే అన్నారు, నేనూ మర్యాదగానే జవాబిస్తున్నాను. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మనకు మల్లె, తెలంగాణకు తంగేడు ఎలాగో వాళ్లకు అది అలాగ. ఎక్కడో ఏ రాష్ట్రంలోనో ఎవరో పచ్చగన్నేరు పట్టుకుని ఇదే తంగేడు అని పత్రికల్లో వేస్తే బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు ఊరుకుంటారా? ఇంకో సంగతి. 'అరుదైన బ్రహ్మకమలం మా వీధిలో పూసింది' అని ఏటా చదివే మనిషికి అసలు బ్రహ్మకమలం తగ్గిపోతోందంటే ఎలా నమ్మకం కలుగుతుంది? ఏ నర్సరీలో అడిగినా దొరుకుతోంది కదా అనుకుంటాడు. నిజంగా కొండ మీద కనిపిస్తే మా ఆడపడుచులాగే ఇది కాదనుకుని తొక్కుకుంటూ పోతాడు, లేదా నాలాగే కొనుక్కుంటాడు.

మన కుండీలోదానికి పేరు లేక కాదు. మలయాళీలు దాన్ని నిశాగంధి అంటారు. సంస్కృతం మాటే, మన నోటికీ చక్కగా తిరుగుతుంది. రాత్రి పరిమళించేది. ఆ పువ్వు గుణమంతా ఆ మాటలో ఉంది. బ్రహ్మ పేరు తీసేస్తే పూజ తగ్గుతుందనుకోను. అత్తయ్యగారు తులసికీ దణ్ణం పెట్టేవారు, ఉసిరికీ పెట్టేవారు, వాటికి దేవుడి పేరు కావలసి రాలేదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లైంది. ఇప్పుడు పూసిన రాత్రి హారతి నేనిస్తున్నాను.

మీ దగ్గర నేను కోరేది పెద్దదేం కాదు. పాఠకులు పంపే ఆ తెల్లపువ్వు ఫొటోలు మానకండి, తప్పకుండా వేయండి. కింద నిశాగంధి అని రాయండి. హిమాలయాలు, పన్నెండేళ్లు అన్న మాటలు తీసేయండి. శ్రావణంలో ఒక్క రోజు, యాత్రల సమాచారం వేసే పేజీలో అసలు బ్రహ్మకమలం ఫొటో వేసి, ఇది కనబడితే కోయకండి, ఎవరైనా అమ్మితే కొనకండి అని రెండు వాక్యాలు రాయండి. మీ పత్రిక మడిచి ఫ్రిజ్ మీద దాచుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

మా కుండీలో ఇప్పుడు మూడు మొగ్గలున్నాయి. రెండు ఇంకా తల వాల్చుకునే ఉన్నాయి, ఒకటి ఈ ఉదయం కొంకిలా వంగింది. శుక్రవారం రాత్రికి విచ్చుకోవాలి. ఆడపడుచును రమ్మని కబురు పెట్టాను, రిజిస్టర్ కవర్లోని ఎండు పువ్వును కూడా బయటికి తీసి ఉంచాను. ఫొటో తీసి పంపుతాను. కింద ఏం రాయాలో మీకు తెలుసు.

ఇట్లు,
విశ్రాంత తపాలా ఉద్యోగిని,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.